ఎండబెట్టిన గిటారు

ఈశ్వరి భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. కప్పను చూసినా భయమే, బోరు మోటారు స్టార్టరు ముట్టుకోవాలన్నా భయమే, తెలియని నంబరు నుంచి ఫోను మోగినా భయమే. నల్లమాడ దగ్గర ఆమె పుట్టిన ఊళ్లో అందరూ పిరికి ఈశ్వరి అనేవాళ్లు. పెళ్లయి ఉరవకొండ పక్కకు వచ్చాక, ఇక్కడెవరికీ ఆ పేరు తెలియదులే అని కొన్నాళ్లు సంతోషపడింది. నెల తిరక్కముందే అత్త భద్రమ్మ కూడా అదే పేరు పెట్టింది. ఆ పేరును ఎవరూ మోసుకురాలేదు, మనిషిని చూస్తే తెలిసిపోయేది అంతే.

అలాగని చేతకాని మనిషి అనుకునేరు. పనికి రాక్షసి. శనక్కాయ చెట్లు పీకడంలో ఆమె సాలు ముందుపోతే వెనకవాళ్లు అందుకోలేరు. ఆమె భయమల్లా వస్తువుల గురించి. పుట్టింట్లో ఏ వస్తువైనా ఒక్కటే ఉండేది. ఒక్క లాంతరు, ఒక్క రేడియో, నీళ్లకు ఒక్క ఇత్తడి బిందె. పోతే ఇంకొకటి వచ్చేది కాదు. వానల్లేని ఏడు ఆ బిందె కూడా తాకట్టుకు పోయేది. వాళ్ల నాయన రోజంతా నోరు విప్పని మనిషి, ఇంట్లోకి రాగానే మాత్రం "ముట్టొద్దు" అనేవాడు. ఆ మాట ఆమె చేతుల్లోకి ఎక్కిపోయింది. ముప్పై దాటి, ఇద్దరు పిల్లల తల్లయ్యాక కూడా దిగలేదు.

ఊరి బయట రోడ్డు పక్కన ఒక ట్రస్టువాళ్ల గెస్టుహౌసు ఉంది. అక్కడ ఈశ్వరి వంట చేస్తుంది. మొగుడు రామాంజనేయులు గొర్రెలు తోలుకుని ఏడాదిలో సగం పామిడి వైపు పెన్న ఒడ్డునే ఉంటాడు కాబట్టి, ఇల్లూ వంటా పిల్లలూ అన్నీ ఆమె, భద్రమ్మ కలిసి చూసుకోవాలి. గెస్టుహౌసుకు స్పెయిన్ నుంచి మనుషులు వస్తుంటారు. వచ్చినవాళ్లు పల్లెలు చూస్తారు, పిల్లలతో ఫొటోలు దిగుతారు, కారం తిని కళ్లనీళ్లు పెట్టుకుంటారు, పోతారు. నూరియా మాత్రం అలా కాదు. ఆమె తన ఊళ్లో బడిపిల్లలకు సంగీతం చెప్పే టీచరు. ప్రతి డిసెంబరులో వచ్చి సంక్రాంతి దాటేదాకా ఉండి, ఇక్కడి పిల్లలకు పాటలు నేర్పేది. వెంట ఒక గిటారు తెచ్చుకునేది.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నూరియా వరండాలో కూర్చుని వాయించుకునేది. సినిమాల్లో కుర్రాళ్లు నిలబడి బరబరా గీకే గిటారు కాదిది. ఒళ్లో పెట్టుకుని, తలవంచి, ఒక్కో తీగను ఒక్కో వేలితో పిలిచినట్టు వాయించేది. వంటింట్లో అంట్లు తోముతున్న ఈశ్వరి చేతులు ఆగిపోయేవి. నీళ్లు కారిపోతున్నా కొళాయి కట్టేసేది కాదు. నీళ్ల విషయంలో ఆ ఊళ్లో అంతకన్నా తప్పు లేదు.

అది గమనించింది నూరియా. ఒకరోజు లేచి వచ్చి, తడి చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది. ఆమెకు తెలుగు నాలుగు ముక్కలు వచ్చు. "ఈశ్వరీ, కూర్చో" అంది.

ఈశ్వరి కూర్చోలేదు. ఆఫీసులో పనిచేసే శశికుమార్ వైపు బిత్తరచూపులు చూసింది. స్పానిష్ నేర్చుకుని, వచ్చినవాళ్లకూ ఊరివాళ్లకూ మధ్య మాటలు చేరవేసేది అతనే.

"పగిలితే ఎట్లప్పా శశీ, నేను ముట్టనంటే ముట్టను" అంది.

"పగల్దులే అక్కా. అదేమన్నా కుండనా" అన్నాడు శశికుమార్.

"కుండైతే ముట్టుకుందును. కుండ సంగతి నాకు తెల్సు."

చివరికి నూరియా వంటింట్లోంచి పీట తెచ్చి వేసింది. ఎడమకాలు దాని మీద పెట్టమంది. గిటారు నడుమును ఎడమ తొడ మీద ఆనించింది. కుడిచెయ్యి బొటనవేలితో లావు తీగ మీటించింది. తీగ మోగింది. ఆ మోత చేతిలో కాదు, పొట్టలో తెలిసింది ఈశ్వరికి. గిటారు వెనక పలక ఆమె కడుపుకు ఆనుకుని ఉంది కదా, లోపలినుంచే ఎవరో మాట్లాడినట్టయింది. చటుక్కున చేతులు తీసేసి లేచి నిలబడింది. మరుసటి రోజు మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే పీట తెచ్చి వేసుకుంది.

నేర్చుకోవడమంటే ఏముంది, మొదట అంతా నొప్పే. ఎడమచేతి వేళ్ల కొసలు ఎర్రబడి, తర్వాత గట్టిపడ్డాయి. ఆ చేతి గోళ్లు చర్మం దాకా కత్తిరించాలట, కుడిచేతి గోళ్లు మాత్రం పెంచాలట. ఒక చేతికి గోళ్లుండి ఒక చేతికి లేకుంటే అత్త ఊరుకుంటుందా? "ఏమ్మే, ఆ చెయ్యికి పెండ్లి చేస్తాండావా" అని భద్రమ్మ దెప్పింది. సంగటి కెలికినప్పుడు పిండి ఆ గోళ్లలో ఇరుక్కునేది. ఈశ్వరి చీపురుపుల్లతో తీసుకునేది. చూపుడువేలు, నడిమివేలు మార్చి మార్చి మీటడం వచ్చేసరికి పుష్యం వచ్చింది. నూరియా ఆమెకు ఒక పాట మొదలుపెట్టింది. నూరియా వాళ్ల నాయన చిన్నపిల్లల కోసం కట్టిన పాటట. నూరియా బయల్దేరే నాటికి అందులో సగం ఈశ్వరికి వచ్చింది. అంగళ్లలో ఎప్పుడూ ఏమీ అడగని మనిషి, శశికుమార్‌ను పక్కకు పిలిచి, "మిగతాది ఎప్పుడు చెప్తాదో అడుగు" అంది.

నూరియా గిటారు పెట్టె తెచ్చి ఆమె చేతికిచ్చింది. శశికుమార్ చెప్పాడు. "ఈ గిటారు వాళ్ల నాయనదంట అక్కా. మళ్లా డిసెంబరుకు వస్తాదంట. అంతదాకా నీ దగ్గిరే పెట్టుకుని వాయిస్తా ఉండాలంట. ఈ సగం బాగా వస్తే మిగతాది చెప్తాదంట. ఇంగో మాట. ఈ సబ్బుపెట్టెలో స్పాంజి ఉండాది, దాన్ని తడిపి గిటారు పెట్టెలో పెట్టాలంట. ఎండిపోతే మళ్లా తడపాలంట."

"కట్టెకు తడి పెట్టేదేందప్పా" అంది ఈశ్వరి.

"నాకేం తెల్సు. ఆయమ్మ చెప్పింది నీకు చెప్తాండా."

శశికుమార్ వేళాకోళం మనిషి. ఉప్పును చక్కెరని చెప్పి స్పెయిన్ వాళ్లతో టీలో వేయించిన ఘనుడు. ఈ మాట నిజమో, ఎగతాళో ఈశ్వరికి అంతుపట్టలేదు. అయినా తడిపి పెట్టింది.

శివరాత్రి వెళ్లి ఎండలు ముదిరాయి. ఈశ్వరి పనినుంచి వచ్చాక, పిల్లలు బడిలో ఉన్నప్పుడు, వాకిలి దగ్గరగా వేసుకుని వాయించుకునేది. ఆ కాసేపు ఆమెకు భయం వేసేది కాదు. ఇది నా జన్మలో మొదటిసారి అనుకుంది ఒకసారి, ఆ తలపుకే మళ్లీ భయపడింది. ఇంత సుఖం ఎవరి కంట్లోనైనా పడితే నిలుస్తుందా అని. వాయించాక గిటారును విత్తనాల గదిలో పెట్టేది. ఇంట్లో అన్నిటికన్నా భద్రమైన చోటు అదే. వచ్చే ఏరువాకకు దాచిన శనక్కాయల మూటలు అక్కడే ఉంటాయి.

ఒకరోజు ఆ గదిలో గోడవారన చెదలు కనబడింది. సన్నని మట్టిదారి గోడ మీద జానెడు పాకింది. ఈశ్వరికి ఒళ్లు జలదరించింది. గిటారు పెట్టె తెరిచింది. లోపల చేయి పెడితే స్పాంజి చల్లగా, చెమ్మగా తగిలింది. ఈ సీమలో పుట్టిన ఆడమనిషికి ఒక సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. దాచిన వస్తువుకు తడే శత్రువు. చెమ్మ ఉన్నచోట పురుగు పుడుతుంది, బూజు పడుతుంది, విత్తనం ముక్కిపోతుంది, ఆ ఏడు పొలం బీడు పడుతుంది. అలాంటిది, ఎవరో చెప్పారని తనే రోజూ నీళ్లు పోసి చెదలను పిలిచి కూర్చోబెట్టింది. ఆ శశిగాడి మాట నమ్మినందుకు చెంపలు వాయించుకోవాలనిపించింది. సబ్బుపెట్టె తీసి బయట పారేసింది.

భద్రమ్మ ఆ పొద్దు విత్తనం కాయలను మిద్దె మీద ఎండబోస్తోంది. ఒలిచే ముందు కాయలకు ఒక్క మంచి ఎండ తగలాలి. ఎండ తగిలిన కాయకు పురుగు చేరదు. ఈశ్వరి ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే మాత్రం ఏం తోచేది? ఆమెకు తెలిసిన వైద్యం అదొక్కటే. గిటారును మిద్దె మీదికి మోసుకుపోయి, దుప్పటి పరిచి, కాయల పక్కనే వెల్లకిలా పడుకోబెట్టింది. చుట్టూ వేపాకు కూడా వేసింది.

"దీనికి కూడా ఎండ కావాల్నా?" అంది భద్రమ్మ.

"కట్టే కదత్తా. చెమ్మ పోతే సాలు" అంది ఈశ్వరి.

గెస్టుహౌసులో వంట ముగించుకుని మధ్యాహ్నం తిరిగొచ్చి మిద్దె ఎక్కింది. కాయలు కలియదిప్పుతుంటే టప్పుమని చప్పుడైంది. కాయ చిట్లిందేమో అనుకుంది. గిటారు ఎత్తబోతే పలక పెనంలా కాలింది. తీగలు కట్టిన చోటునుంచి కింది అంచు దాకా ఒక గీత కనబడింది. దుమ్ము అనుకుని కొంగుతో తుడిచింది. పోలేదు. గోరు పెట్టి చూసింది. గోరు లోపలికి దిగింది.

ఈశ్వరి అరవలేదు. ఆ ఎండలో, శనక్కాయల మధ్య కూలబడింది. ఇంకొకరి వస్తువు. అదీ వాళ్ల నాయన వస్తువు. ముట్టొద్దు అంటే వినకుండా ముట్టుకుంది, పోయింది. నూరియా ముఖం ఎలా మారుతుందో, గిటారు చేతిలోంచి ఎలా తీసుకుంటుందో, మిగతా సగం పాట ఇంక ఎవరు చెప్తారో అన్నీ కళ్లముందు కదిలాయి. గిటారును పాత చీరలో చుట్టి, పెట్టెలో పెట్టి, అటక మీదికి తోసింది. మళ్లీ ముట్టుకోలేదు.

ఇక అక్కణ్నుంచి మొదలైంది నరకం. దొంగకు తేలు కుట్టినట్టు, ఎవరితో చెప్పుకుంటుంది? వడ్రంగికి చూపిద్దామంటే ఊరంతా తెలుస్తుంది. మొగుడికి ఫోనులో చెబుదామంటే, రామాంజనేయులు నెమ్మదస్తుడే అయినా గొర్రెల దగ్గర నలుగురిలో ఉంటాడు. గెస్టుహౌసు గేటు ముందు కారు ఆగితే చాలు, చేతిలో గరిటె జారేది. ఏ పిల్లాడైనా "పగిలింది" అంటే గుమ్మడికాయ దొంగలా ఉలిక్కిపడేది. వాళ్లు గుడ్డు గురించి అనుకుంటుండేవాళ్లు, పాపం.

శశికుమార్ నెలకోసారైనా అడిగేవాడు. "అక్కా, నూరియమ్మ మెసేజి పెట్టినాది. నువ్వు వాయించేది వీడియో తీసి పంపమంటాది."

"ఈ పొద్దు వద్దులే, చెయ్యి కాలింది" అంది మొదటిసారి. తర్వాతిసారి తీగ తెగిందంది. ఆ తర్వాత కాయలు ఒలిచే పనుందంది. ఒలుపు పని నిజమే. విత్తనం ఒలవడానికి గోళ్లు అడ్డం. ఒకరోజు బ్లేడు తెచ్చి కుడిచేతి గోళ్లన్నీ మొదటికి తీసేసింది. ఒలుపు కోసమే అని తనకు తాను చెప్పుకుంది కానీ, ఆ గోళ్లను చూసినప్పుడల్లా గిటారు గుర్తొచ్చేది. అందుకని తీసేసింది. కొన్నాళ్లకు ఎడమచేతి వేళ్ల కొసలు కూడా మెత్తబడి మామూలు వేళ్లయిపోయాయి.

వాన పడింది, విత్తారు. మళ్లీ వాన మొగం చాటేసింది, చెట్లు వాడాయి. ఎలాగో కొన్ని కాయలు చేతికొచ్చాయి. ఊరంతా వాన గురించి భయపడుతుంటే ఈశ్వరి డిసెంబరు గురించి భయపడింది. తిండి తగ్గి మనిషి సగమైంది. భద్రమ్మకు ఎప్పుడో అర్థమైంది. కాయలతో పాటు ఎండలో పడుకున్నదాన్ని ఆమె కూడా చూసింది కదా.

"ఏంటికే అంత దిగులు. మేక తొక్కిందని చెప్పు. మేక నోరిప్పి కాదంటాదా" అంది ముసలామె.

"ఆయమ్మ నమ్ముతాదా అత్తా?"

"నమ్మకుంటే ఏం చేస్తాది, మేకను పిలిపిస్తాదా? గమ్మున అన్నం తిను."

డిసెంబరు రానే వచ్చింది. నూరియా కారు దిగి, సంచులన్నీ అక్కడే వదిలేసి వంటింట్లోకి వచ్చి ఈశ్వరిని కావలించుకుంది. ఈశ్వరి ఆమె భుజం మీదుగా గోడను చూస్తూ నిలబడింది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఎక్కువసేపు ఆగితే తన ప్రాణమే పోతుందనిపించి, ఇంటికి పరుగెత్తి, పెట్టె తెచ్చి వరండాలో పెట్టి చీర విప్పింది.

"మేక తొక్కినాది" అంది, ఎవరూ అడక్కముందే.

శశికుమార్ నోరు తెరిచేలోపే నూరియా మోకాళ్ల మీద కూర్చుంది. పగులు మీద వేలు నడిపింది. గిటారును వెలుతురుకు ఎత్తి లోపలికి చూసింది. ఏదో చెప్పింది.

"మేక కాదంటక్కా" అన్నాడు శశికుమార్. "గాలిలో తేమ లేకుంటే పలక ముడుచుకోని పగుల్తాదంట. వాళ్ల ఊర్లో కూడా పగుల్తాయంట. లోపల సన్న కట్టె పెట్టి అతికిచ్చేవాళ్లు ఉండారంట. ఈ ఎండల సంగతి తెలిసీ ఈడ వదిలిపెట్టడం తనదే తప్పంటాది."

ఈశ్వరి గోడకు ఆనుకుంది. "నేనే ఎండబెట్టినా" అంది. "చెదలు పడతాదని. మిద్దె మీద, శనక్కాయల పక్కన."

శశికుమార్ చెప్పాడు. నూరియా మొదట అర్థంకానట్టు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. శనక్కాయల మాట మళ్లీ చెప్పించుకుని మరీ నవ్వింది, దగ్గొచ్చేదాకా నవ్వింది. ఎండాకాలం నుంచి తనను నమిలి తిన్న భయం ఇంత తేలిగ్గా, ఒక నవ్వులో పోతుందని ఈశ్వరి ఏనాడూ అనుకోలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నూరియా తీగలు బిగించింది. గిటారును ఆమె ఒళ్లో పెట్టి, "ఈశ్వరీ, పాట" అంది.

ఈశ్వరి వేళ్లు తీగల మీద పెట్టింది. మొదటి రెండు మీటులు వచ్చాయి. మూడోదానికి వేలు జారింది. గోరు లేని మెత్తటి చర్మం తీగను పట్టలేదు. మళ్లీ మొదలుపెట్టింది. ఎడమచేతి వేలు ఎక్కడ నొక్కాలో మరిచిపోయింది. ఇంకోసారి మొదలుపెట్టి, మధ్యలో ఆపి, చేతులు గిటారు మీద అలాగే ఉంచి కూర్చుంది. పగిలిన చోట పలక జుయ్యిమంది, అంతే. మిగతా మోత పోయినేడు ఎలా ఉండేదో అలాగే ఉంది.

నూరియా ముఖంలో నవ్వు తగ్గిపోయింది. ఈశ్వరి కుడిచెయ్యి తీసుకుని, గోళ్లు చూసింది. ఏదో అడిగింది.

"ఎప్పట్నుంచి వాయించలేదని అడుగుతాంది" అన్నాడు శశికుమార్.

"పగిలిన పొద్దునుంచీ."

"పగిలినా మోగుతాది గదా, ఏంటికి నిలిపినావంటాది."

"భయమాయె" అంది ఈశ్వరి.

నూరియా ఆ చెయ్యి వదిలింది. తర్వాత తక్కువ గొంతుతో కొన్ని మాటలు అంది. శశికుమార్ వాటిని తెలుగులోకి తేలేదు. చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాడు. వేళాకోళాల మనిషి అలా నిలబడటం ఈశ్వరి ఎప్పుడూ చూడలేదు.

"ఏమన్నాదో చెప్పు శశీ."

"ఈ తూరి ఆఖరంటక్కా. వాళ్ల నాయనకు బాగలేదంట, ఇంక రానంటాది. ఈసారి కూడా ఆదివారం దాకే ఉండేది." గిటారు వైపు చూశాడు. "నువ్వు వాయిస్తాంటే గిటారు నీకే ఇచ్చిపోదామని వచ్చినాదంట. వాళ్ల నాయన కూడా సరే అన్నాడంట. ఇప్పుడు ఏం చేయాలో తెలీలేదంటాది."

ఈశ్వరి విన్నది. పగులుకు ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్ని నెలలు ఏ మాట పడాల్సి వస్తుందో అని చచ్చిందో ఆ మాట అసలు లేనే లేదు. పాట పోయింది, వేళ్లు పోయాయి, చెప్పే మనిషి పోతోంది. అవన్నీ పోగొట్టింది ఎండ కాదని ఆమెకు తెలిసింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. లోపల పొయ్యి మీద ఎసరు పొంగి, మంట ఆరుతున్న చప్పుడు వినిపించింది. అది విని కూడా లేవకపోవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"పోయి ఆ సంగటి నువ్వే కెలుకుపో శశీ" అంది.

"నాకు రాదక్కా."

"ముద్దలు కడితే కట్టనీ, తింటారులే." ఎడమచేతి వేళ్లను మళ్లీ తీగల మీద వరసగా పెట్టింది. "పొయ్యేముందు ఈ మాట చెప్పి పో. గిటారు తీసకపోనీ, అది వాళ్ల నాయనది. ఆ పాట మాత్రం ఈ నాలుగు దినాల్లో ఎంతొస్తే అంత నాకు చెప్పి పొమ్మను. మొదట్నించి."

శశికుమార్ చెప్పాడు. నూరియా కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె మణికట్టును కొంచెం పైకెత్తింది. ఈశ్వరి లావు తీగ మీటింది. పలక జుయ్యిమంది. ఆపకుండా రెండోది మీటింది.